మద్రాసు ఎల్‌ఐసీ మేడ: కడపలో తరచుగా అడిగే ప్రశ్నలు

బీమా ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడిని కాబట్టి, మద్రాసు మౌంట్ రోడ్డు మీద నిలబడి ఉన్న ఆ మేడకు నేనే వాచ్‌మన్ అయినట్టు మా ఊళ్లో అందరూ నన్నే అడుగుతారు. పెళ్లిళ్లలో, బ్యాంకు క్యూలో, కోటిరెడ్డి సర్కిల్ దగ్గర టీ తాగుతూ అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒక్కచోట పెడుతున్నాను. ఊరికి ఇప్పుడు చెన్నై అని పేరు, రోడ్డుకు అన్నా సాలై అని పేరు. పాత కథ చెప్పేటప్పుడు నేను పాత పేర్లే వాడతాను.

కడపలో కూర్చుని మద్రాసు మేడ సంగతి మనకెందుకు?

1953 సెప్టెంబరు 30 దాకా మన రాజధాని మద్రాసే. హైకోర్టు అక్కడ, సచివాలయం అక్కడ, మన కాలేజీలకు డిగ్రీలిచ్చే విశ్వవిద్యాలయం అక్కడ. కడప స్టేషన్లో బొంబాయి మెయిలెక్కితే తిన్నగా అక్కడే దిగేవాళ్లం. ఆ మర్నాటి నుంచి కాగితం మీద అది పరాయి రాష్ట్రం. కానీ మనవాళ్ల కాళ్లకు ఆ సంగతి తెలియలేదు. వైద్యానికి, చదువుకు, సినిమా అవకాశాలకు, సరుకు కొనడానికి అటే నడిచాయి. మద్రాసు చూసి వచ్చినవాణ్ణి ఊళ్లో మొదట అడిగేవి రెండు ప్రశ్నలు: సముద్రం చూశావా, ఎల్‌ఐసీ చూశావా?

ఇంకో ముడి కూడా ఉంది. "మద్రాసు మనదే" అని మనవాళ్లు గొంతు చించుకుని, చివరికి ఆ నగరాన్ని వదులుకున్న ఏడాది, ఆ మేడకు పని మొదలైన ఏడాది ఒక్కటే. పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న ప్రాణాలు విడిచారు. 1953 అక్టోబరు 1న కర్నూలులో నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించారు, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి అయ్యారు. కర్నూలులో ఆఫీసులకు చాలినన్ని గదులు లేక గుడారాలు వేశారు. గుమాస్తాలు ఎండకు వేడెక్కిన గుడ్డ కింద కూర్చుని, గాలికి ఎగిరే కాగితాల మీద రాళ్లు పెట్టుకుని ఫైళ్లు రాశారు. అదే సమయంలో మనం వదిలి వచ్చిన ఊళ్లో దేశం మొత్తం మీద ఎత్తయిన ఆఫీసు మేడకు పునాదులు పడుతున్నాయి. ఈ రెంటికీ కార్యకారణ సంబంధం ఏమీ లేదు. అయినా ఆ తరం వాళ్లు ఆ మేడను చూసినప్పుడు "మనం వచ్చేశాక కట్టారు చూడు" అనకుండా ఉండేవారు కాదు.

దీన్ని ఎల్‌ఐసీయే కట్టించిందా?

కాదు. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే.

కట్టించాలనుకున్నది యునైటెడ్ ఇండియా అనే ప్రైవేటు బీమా సంస్థ. ఆ పేరుతో జీవిత బీమా కంపెనీ మద్రాసులో 1906లోనే పుట్టింది. వందేమాతరం ఉద్యమ కాలం అది, స్వదేశీ బ్యాంకులూ బీమా కంపెనీలూ వరసగా మొలకెత్తిన రోజులు. తర్వాత ఆ సంస్థ ఎం. సి.టి. ఎం. చిదంబరం చెట్టియార్ గారి చేతిలోకి వచ్చింది. చెట్టినాడు వడ్డీ వ్యాపారుల కుటుంబం ఆయనది. 1937లో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు స్థాపించినది కూడా ఆయనే. మొదటి రోజే కారైక్కుడి, మద్రాసులతో పాటు రంగూన్‌లోనూ శాఖ తెరిచిన ధైర్యం ఆయనది.

తన బీమా కంపెనీకి ఊరంతటికీ కనబడే ఇల్లు కావాలనుకున్నారు. 1953లో పని మొదలైంది. 1954 మార్చి 13న ఆయన ప్రయాణిస్తున్న విమానం సింగపూర్‌లో దిగుతూ కూలిపోయింది, ఆయన చనిపోయారు. అప్పటికి మేడ ఇంకా నేల విడిచి పైకి రాలేదనే చెప్పాలి.

రెండేళ్లు తిరిగేసరికి ఆయన కంపెనీ కూడా పోయింది. 1956 జనవరి 19న ఆర్డినెన్సుతో కేంద్రం జీవిత బీమా సంస్థల నిర్వహణను తన చేతిలోకి తీసుకుంది. అదే ఏడాది సెప్టెంబరు 1న ఎల్‌ఐసీ ఏర్పడింది. స్వదేశీవీ విదేశీవీ అయిన బీమా కంపెనీలు, ప్రావిడెంట్ సొసైటీలు అన్నీ కలిపి 245 సంస్థలు అందులో కలిసిపోయాయి. వాటితో పాటు వాటి ఆస్తులు, అప్పులు, బల్లలు, కుర్చీలు, సగం కట్టిన ఈ మేడ కూడా ఎల్‌ఐసీ ఖాతాలో పడ్డాయి.

అంటే మొదలుపెట్టినవాడు లేడు, మొదలుపెట్టిన కంపెనీ లేదు. నమూనా గీసిన లండన్ వాస్తుశిల్పులు బ్రౌన్, మౌలిన్ కూడా పని పూర్తి కాకముందే తప్పుకున్నారు. మద్రాసులోనే స్థిరపడిన ఎల్. ఎం. చితాలే మిగతా భాగం పూర్తి చేశారు. ఇంతమంది చేతులు మారిన కట్టడం వంకర లేకుండా నిలబడిందంటే చితాలే గారికి దండం పెట్టాలి.

యునైటెడ్ ఇండియా అనే పేరు ఇప్పటికీ వింటున్నాం కదా?

మీ స్కూటరు బీమా కాగితం మీద చూసి ఉంటారు. చెట్టియార్ గారి జీవిత బీమా విభాగం 1956లో ఎల్‌ఐసీలో కలిసింది. అగ్ని, వాహన బీమా లాంటి సాధారణ బీమా మాత్రం మరో పదహారేళ్లు ప్రైవేటుగానే సాగి, 1970ల మొదట్లో జాతీయమైంది. అప్పుడు అనేక చిన్న కంపెనీలను యునైటెడ్ ఇండియాలో కలిపి ప్రభుత్వ సంస్థగా చేశారు. దాని ప్రధాన కార్యాలయం ఇప్పటికీ చెన్నైలోనే, ఈ మేడకు దగ్గర్లోని వైట్స్ రోడ్డులో ఉంది.

ప్రారంభించింది ఎవరు?

1959 ఆగస్టు 23న అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయి. ఖర్చు సుమారు 87 లక్షల రూపాయలు.

దీని వెనక చిన్న కథ ఉంది. ఎల్‌ఐసీ పుట్టిన తొలినాళ్లలో ఆర్థిక మంత్రి మద్రాసువాడైన టి. టి. కృష్ణమాచారి. 1957లో ఎల్‌ఐసీ సొమ్ము సుమారు కోటీ పాతిక లక్షల రూపాయలు హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాల్లో పెట్టారు. ఆ కంపెనీల పరిస్థితి అప్పటికే బాగాలేదు. ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో నిలదీశారు, జస్టిస్ చాగ్లా విచారణ జరిపారు, 1958 ఫిబ్రవరిలో కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఆ గొడవే లేకపోతే మద్రాసు మేడ తలుపు మద్రాసు మంత్రే తెరిచేవాడేమో. పాలసీదారుల సొమ్మును ఎక్కడ పెడుతున్నారని పార్లమెంటు గట్టిగా అడిగిన మొదటి సందర్భాల్లో అదొకటి. అదీ ఎల్‌ఐసీకి రెండేళ్లు నిండకముందే.

ఎన్ని అంతస్తులు? ఒకరు 12 అంటారు, ఒకరు 14 అంటారు, ఒకరు 15 అంటారు.

అరవవాళ్ల నోట 14. పుస్తకాల్లో 12 అని, 15 అని రెండూ కనిపిస్తాయి. నేల అంతస్తును లెక్కలో వేసుకున్నారా, నేల కింది గదులను, పైకప్పు మీది గదులను కలిపారా అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. ఎత్తులో మాత్రం తేడా లేదు: 177 అడుగులు, అంటే 54 మీటర్లు. కడప జిల్లా నుంచి వెళ్లిన పెద్దమనిషి రోడ్డుకు అవతలి వైపు నిలబడి అంతస్తులు లెక్కపెడుతూ తల వెనక్కి వంచితే తలగుడ్డ కింద పడిందని మా ఇళ్లలో ఒక హాస్యం. ఎవరి ఇంట్లో చెబితే వాళ్ల తాతకే జరిగినట్టు చెబుతారు.

నిజంగా దేశంలోకెల్లా ఎత్తయినదేనా?

1959 నుంచి 1961 దాకా, మనుషులు ఉండే, పనిచేసే మేడల్లో అవును. ఆ తర్వాత బొంబాయిలో ఉషాకిరణ్ అనే 25 అంతస్తుల నివాస భవనం దాన్ని దాటేసింది.

అయితే ఈ "ఎత్తయినది" అన్న మాటను కాస్త జాగ్రత్తగా పట్టుకోవాలి. తంజావూరు బృహదీశ్వరాలయ విమానం దాదాపు 66 మీటర్లు, అది పదకొండో శతాబ్దపు మొదట్లో పూర్తయింది. కుతుబ్ మినార్ 73 మీటర్లు. బొంబాయిలో రాజాబాయి గడియారపు గోపురం 1878 నాటిది, ఇంకా ఎత్తు. వాటి పక్కన పెడితే మన ఎల్‌ఐసీ మేడ పొట్టిదే. దాని గొప్పతనం వేరు. గోపురంలో పైకి పోయేకొద్దీ మనిషికి చోటు తగ్గిపోతుంది. ఇందులో పన్నెండో అంతస్తులో కూడా కింద ఉన్నంత విశాలమైన గదిలో, అన్నే బల్లలు వేసి, అంతమందే కూర్చుని పనిచేయవచ్చు.

అది సాధ్యమైంది కట్టే పద్ధతి మారినందువల్ల. మన పాత మిద్దెల్లో బరువంతా గోడదే. పైన ఇంకో మిద్దె వేయాలంటే కింది గోడ ఇంకా లావు కావాలి. మద్రాసులో ఇటుక, సున్నంతో కట్టిన పాత భవనాలూ అంతే. ఈ మేడలో బరువు మోసేవి ఇనుప కడ్డీలు వేసి పోసిన కాంక్రీటు స్తంభాలు, దూలాలు. గోడలు ఎండకూ వానకూ అడ్డుగా పెట్టినవి మాత్రమే. మద్రాసులో ఇంత పెద్ద ఎత్తున ఆ మార్పును కళ్లకు కట్టిన మొదటి కట్టడం ఇదే. ఈ రోజు ఎర్రముక్కపల్లెలో లేచే అపార్టుమెంటు కూడా అదే పద్ధతి.

దీన్ని ఆకాశహర్మ్యం అనవచ్చా?

ఇప్పటి కొలతల ప్రకారం కాదు. ఈ రోజుల్లో 150 మీటర్లు దాటితే గానీ ఆ పేరు ఇవ్వడం లేదు. ఇది అందులో మూడో వంతుకు కాస్త ఎక్కువ. కానీ ఎత్తును చుట్టూ ఉన్నవాటితో పోల్చి చూడాలి. 1885లో షికాగోలో కట్టిన పదంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ భవనాన్ని ప్రపంచంలో మొదటి ఆకాశహర్మ్యంగా చాలామంది చరిత్రకారులు లెక్కిస్తారు. దాని ఎత్తు 42 మీటర్లే.

హోమ్ ఇన్సూరెన్స్ అంటే అదీ బీమా కంపెనీయేనా? బీమావాళ్లకు ఈ ఎత్తు పిచ్చి ఎందుకు?

బాగా పట్టుకున్నారు. న్యూయార్కులో 1909లో లేచిన మెట్రోపాలిటన్ లైఫ్ గోపురం కూడా బీమా కంపెనీదే, 213 మీటర్లు. నాలుగేళ్లు ప్రపంచంలోకెల్లా ఎత్తయిన భవనం అది.

కారణాలు రెండు. మొదటిది డబ్బు స్వభావం. ఇవాళ ఇరవై అయిదేళ్ల పిల్లవాడు పాలసీ తీసుకుంటే ప్రీమియం ఇప్పటి నుంచీ వస్తుంది, చెల్లించాల్సింది ఎప్పుడో పాతికేళ్లకు. ఈ మధ్యలో ఆ సొమ్మును పదిలంగా ఎక్కడో పెట్టాలి. నగరం నడిబొడ్డున స్థలం, దాని మీద అద్దెలు వచ్చే మేడ, ఇవి పాతకాలపు బీమా కంపెనీలకు ప్రభుత్వ బాండ్ల తర్వాత నమ్మకమైన చోటు.

రెండోది నమ్మకం. బీమా ఏజెంటు అమ్మేది కంటికి కనబడని సరుకు. "నువ్వు పోయాక నీ భార్యకు డబ్బిస్తాం" అన్న మాటను పులివెందుల దగ్గర పల్లెటూళ్లో వేరుశనగ పండించే రైతు ఎందుకు నమ్మాలి? కంపెనీ ఎక్కడికీ పారిపోదని చూపించాలి. క్యాలెండరు మీద ఆ మేడ బొమ్మ ఉంటే ఏజెంటుకు సగం మాటలు మిగిలేవి. జాతీయం కాకముందు చిన్న చిన్న బీమా కంపెనీలు చాలా మునిగిపోయి, జనం సొమ్ము పోయిన సంగతి అప్పటివాళ్లకు తాజాగా గుర్తు. కాబట్టి అంత ఎత్తు కట్టడాన్ని నేను ఆడంబరం అనను. వ్యాపారానికి అవసరమైన ఖర్చు అది.

లోపల ఏం జరిగేది? మన కడప ఫైళ్లు అక్కడికి వెళ్లేవా?

ఎల్‌ఐసీ మొదలైనప్పుడు దేశం మొత్తానికి ఐదు జోన్లు: బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, కాన్పూరు, మద్రాసు. దక్షిణాది అంతా మద్రాసు జోన్ కిందే. అంటే 1953లో ప్రభుత్వ పరంగా మద్రాసు నుంచి విడిపోయిన మనం, మూడేళ్లకే బీమా పరంగా మళ్లీ మద్రాసు కిందికి వెళ్లాం! తర్వాతి కాలంలో హైదరాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య జోన్ వచ్చింది. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక ఇప్పుడు దాని కింద ఉన్నాయి. కడపలో డివిజనల్ ఆఫీసు ఉంది. ఇప్పుడు మీ పాలసీ పని ఏదైనా బ్రాంచిలోనే అయిపోతుంది.

బీమాలో అధికారం మెట్లు మెట్లుగా ఉంటుంది. చిన్న మొత్తం ప్రపోజల్ బ్రాంచిలో తేలుతుంది, కాస్త పెద్దదైతే డివిజనుకు, ఇంకా పెద్దదైతే జోనుకు పోతుంది. ఒక్కో పాలసీకి ఒక డాకెట్: ప్రపోజల్ ఫారం, డాక్టరు రిపోర్టు, వయసు రుజువు, నామినీ కాగితం, అన్నీ మూలకు రంధ్రం చేసి ట్యాగు వేసి కట్టినవి. వయసు రుజువు దగ్గరే మన జిల్లా ఫైళ్లు ఆసక్తికరంగా ఉండేవి. బడి ముఖం చూడనివాళ్లకు సర్టిఫికెట్ ఎక్కడిది? జాతకచక్రం తెచ్చేవారు. పసుపు పూసిన అంచులు, పంతులు గారి ముత్యాల్లాంటి రాత, సంవత్సరం పేరు, తిథి, నక్షత్రం. దాన్ని ఇంగ్లీషు తేదీకి మార్చి రిజిస్టరులో ఎక్కించేవాళ్లం. పంచాంగం తిరగేయడం వచ్చిన గుమాస్తాకు సెక్షన్లో గౌరవం ఎక్కువ.

ఎత్తయిన ఆఫీసులు ఎందుకు కావాల్సి వచ్చాయో అర్థం కావాలంటే ఈ కాగితాన్ని ఊహించుకోవాలి. లక్షల డాకెట్లు, లెడ్జర్లు, కార్డులు, వాటిని వెతికేవాళ్లు, మోసేవాళ్లు, టైపు చేసేవాళ్లు. కాగితం ఉన్న చోటికే మనిషి రావాలి కాబట్టి అందరూ ఒకే కప్పు కింద ఉండేవారు. తర్వాత పాలసీ సేవలను బ్రాంచీలకు మార్చారు, కంప్యూటర్లు వచ్చాయి. కంప్యూటర్లు అంత తేలిగ్గా రాలేదు లెండి. 1960ల్లో కలకత్తాలో ఎల్‌ఐసీ ఉద్యోగులు ఇలాకో హౌస్ అనే భవనంలో యంత్రం పెట్టనివ్వకుండా రాత్రింబవళ్లు కాపలా కాశారు. వాళ్ల భయం అర్థం లేనిదని నేను అనలేను.

1975లో తగలబడిందట కదా?

1975 జూలై 11న. ఎమర్జెన్సీ విధించి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. అలాంటి రోజుల్లో ఏది జరిగినా జనం దాని వెనక ఏదో ఉందని గుసగుసలాడతారు. ఆ గుసగుసలు నేను ఇక్కడ రాయను.

గమనించాల్సిన విషయం ఇది: మంటల్లో పోయింది లోపలి సరంజామా, నిలిచింది అస్థిపంజరం. కాంక్రీటు అంటుకోదు. అంటుకునేవి మనం లోపల నింపినవే. చెక్క బీరువాలు, తెరలు, అన్నింటికంటే ముఖ్యంగా కట్టలు కట్టలుగా కాగితం. ఎత్తు మేడల్లో ఇంకో ప్రమాదం మెట్లదారీ, లిఫ్టు గొట్టమూ. తలుపులు సరిగా మూసి ఉండకపోతే వేడి గాలి వాటి గుండా పైకి లాగేసి, కింది అంతస్తులోని పొగను పై అంతస్తుకు చేరుస్తుంది. అందుకే ఇప్పుడు ఎత్తు భవనాల్లో మెట్లదారికి మంటను ఆపే తలుపులు, ప్రతి అంతస్తులో నీటి గొట్టాలు తప్పనిసరి. కడపలో కొత్తగా ఐదారు అంతస్తులు కడుతున్న వాణిజ్య సముదాయాల్లో ఆ మెట్లదారి తలుపునే ఇటుక పెట్టి తెరిచి ఉంచుతారు, లేదా మెట్ల మీద అట్టపెట్టెలు పేరుస్తారు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

మేడను బాగుచేసి మళ్లీ వాడుకలోకి తెచ్చారు. 2023 ఏప్రిల్ 2న పైకప్పు మీది పేరు బోర్డుకు మళ్లీ నిప్పంటుకుంది, త్వరగానే ఆర్పేశారు.

సినిమాల్లో ప్రతిసారీ దీన్నే ఎందుకు చూపించేవారు?

చవక కాబట్టి. హీరో పల్లె నుంచి మద్రాసు వచ్చాడని చెప్పాలంటే సెంట్రల్ స్టేషన్ ఒక షాటు, ఎల్‌ఐసీ ఒక షాటు. మాటలు అక్కర్లేదు, సెట్టు అక్కర్లేదు. తమిళ సినిమాలకు ఎంతో తెలుగు సినిమాలకూ అంతే, ఎందుకంటే మన స్టూడియోలన్నీ దశాబ్దాల పాటు అక్కడే ఉన్నాయి.

ఆ స్టూడియోల్లో మన జిల్లా చేయి చాలా ఉంది. బి. ఎన్. రెడ్డి, బి. నాగిరెడ్డి అన్నదమ్ములు కడప జిల్లావాళ్లే. వడపళనిలో విజయా వాహినీ స్టూడియో ఒకప్పుడు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటిగా పేరుపడింది. కట్టడాల వాడుక మారడం చూడాలంటే అక్కడికీ వెళ్లండి. షూటింగులు జరిగిన స్థలంలో కొంత ఆసుపత్రి అయింది, కొంత కల్యాణ మండపం, 2013 నుంచి పెద్ద మాల్ ఉంది. అంతస్తులు దిగి బిర్యానీ తింటున్న పిల్లలకు కాళ్ల కింద ఏ సెట్టు ఉండేదో తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు.

అదే రోడ్డు మీద పాడుబడ్డ ఎర్ర భవనం ఒకటి ఉంది. అదీ ఎల్‌ఐసీదేనా?

ఎల్‌ఐసీదే. నన్నడిగితే మేడ కంటే దాని కథే గొప్పది.

1897లో డబ్ల్యూ. ఇ. స్మిత్ అనే ఇంగ్లీషు మందుల వ్యాపారి కట్టించాడు. గుమ్మటాలు, సన్నని బురుజులు, తోరణాలతో మందుల దుకాణానికి రాజభవనం లాంటి ఇల్లు. 1934లో భారత్ ఇన్సూరెన్స్ కంపెనీ కొన్నది. జాతీయం చేసినప్పుడు ఆ కంపెనీతో పాటు భవనమూ ఎల్‌ఐసీకి వచ్చింది. మందుల షాపు బీమా ఆఫీసయింది, బీమా ఆఫీసు అద్దె గదులయింది, చివరికి ఎవరూ పట్టించుకోని శిథిలం అయింది. 2006లో ఎల్‌ఐసీ కూల్చడం మొదలుపెడితే వారసత్వ పరిరక్షకులు కోర్టుకు వెళ్లి ఆపించారు.

ఒకే యజమాని, ఒకే రోడ్డు. ఒకదాన్ని తన గుర్తుగా పెట్టుకుంది, ఇంకోదాన్ని వదిలించుకోవాలని చూసింది. పనికొచ్చే మేడను కాపాడటానికి ఎవరి ప్రేమా అక్కర్లేదు, దాని అద్దే దాన్ని కాపాడుతుంది. పని అయిపోయినదాని దగ్గరే యజమాని బుద్ధి బయటపడుతుంది.

ఎల్‌ఐసీ మేడ కూడా రేపు హోటలో, ఫ్లాట్లో అవుతుందా?

అమెరికాలో అలాగే అవుతోంది. పైన చెప్పిన మెట్రోపాలిటన్ లైఫ్ గోపురం 2015లో హోటలయింది. 1913 నాటి వూల్‌వర్త్ భవనం పై భాగం కోటీశ్వరుల ఫ్లాట్లుగా మారింది. షికాగోలోని హోమ్ ఇన్సూరెన్స్ భవనానికి ఆ అదృష్టం కూడా లేదు, 1931లో కూల్చేశారు.

ఆఫీసును నివాసంగా మార్చాలంటే చూడాల్సింది ఎత్తు కాదు, లోతు. కిటికీ నుంచి భవనం మధ్యకు దూరం ఎక్కువైతే మధ్య గదులకు గాలీ వెలుతురూ ఉండవు. ఎల్‌ఐసీ మేడ సన్నగా, నిలువు పలకలా ఉంటుంది కాబట్టి సిద్ధాంతపరంగా దాన్ని మార్చడం సులువే. కానీ యజమాని ఇంకా అందులోనే ఉండి పనిచేసుకుంటున్నాడు. దాని వాడుకలో పెద్ద మార్పు గోడల బయటే జరిగింది: 2019 ఫిబ్రవరిలో కింద తెరిచిన భూగర్భ మెట్రో స్టేషనుకు ఎల్‌ఐసీ అనే పేరు పెట్టారు. బీమా లేనివాళ్లు కూడా ఇప్పుడు ఎల్‌ఐసీకి టికెట్ కొంటున్నారు.

చూడాలంటే ఎలా వెళ్లాలి?

కడప నుంచి రైల్లో సెంట్రల్‌లో దిగండి. మెట్రో నీలం లైను ఎక్కితే రెండో స్టేషనే ఎల్‌ఐసీ. లోపలికి పనిలేకుండా పోనివ్వరు, అది ఆఫీసు. రోడ్డుకు అవతలి వైపు నుంచి, ఉదయం పూట చూడండి. తలగుడ్డ జాగ్రత్త.

పై అంతస్తు నుంచి కడప కనిపిస్తుందా?

చిన్నపిల్లలు అడిగే ప్రశ్న అయినా లెక్క మంచిదే. 54 మీటర్ల ఎత్తు నుంచి కంటికి ఆనేది సుమారు 26 కిలోమీటర్ల దూరం వరకే, ఆ పైన భూమి వంపు కింద దాగిపోతుంది. గీత గీసినట్టు కొలిస్తే కడప రెండు వందల కిలోమీటర్ల పైమాటే. నేల నున్నగా ఉన్నా దాదాపు నాలుగు కిలోమీటర్ల ఎత్తు మేడ కావాలి. మధ్యలో వెలికొండలు, శేషాచలం కొండలు అడ్డం. బంగాళాఖాతం మాత్రం హాయిగా కనిపిస్తుంది.

మన సీమలో అలాంటి మేడ ఎందుకు రాలేదు?

మేడలు డబ్బు వెంట వస్తాయి, డబ్బు అధికారం వెంట వస్తుంది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో శ్రీబాగ్ ఒడంబడిక మీద సంతకం చేసినవారిలో మన కడప కోటిరెడ్డి గారు ఒకరు. సర్కిల్‌కు పేరున్నది ఆయనదే. రాజధాని, హైకోర్టుల్లో ఒకటి రాయలసీమకు రావాలన్నది ఆ మాట. ఆ ప్రకారం కర్నూలుకు రాజధాని వచ్చింది, గుంటూరుకు హైకోర్టు పోయింది. మూడేళ్లకే, 1956 నవంబరు 1న, రాజధాని హైదరాబాదుకు తరలింది. అంటే ఎల్‌ఐసీ పుట్టిన రెండు నెలలకే. ఏ బీమా కంపెనీ అయినా, బ్యాంకయినా దక్షిణాదిలో పెద్ద ఆఫీసు ఎక్కడ పెడదామని ఆలోచించేనాటికి కర్నూలు మళ్లీ జిల్లా కేంద్రం. గుడారాలు పీకేశాక మిగిలింది ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అనే పేట పేర్లు. ఇందులో మద్రాసు తప్పేమీ లేదు, ఆ మేడను చూసి కుళ్లుకోవాల్సిన పనీ లేదు.

ఎల్‌ఐసీ షేర్లు కొన్నాను. ఆ మేడలో నాకూ వాటా ఉన్నట్టేనా?

లెక్క ప్రకారం ఉన్నట్టే. 2022 మే నెలలో ప్రభుత్వం మూడున్నర శాతం వాటా అమ్మింది. షేరు 949 రూపాయలు, పాలసీదారులకు 60 రూపాయలు తగ్గింపు. కడపలో ఆ రోజుల్లో పాలసీకి పాన్ నంబరు జత చేయించుకోవడానికి బ్రాంచి ముందు జనం బారులు తీరారు. మీ వాటాకు ఆ మేడలో ఒక ఇటుకలో ఎన్నో వంతు వస్తుందో మీరే లెక్క వేసుకోండి. ధర ఎప్పుడు పెరుగుతుందని మాత్రం నన్ను అడగవద్దు.